థీసిస్ పీడీఎఫ్ తీసే ముందు స్టార్లు లెక్కపెట్టుకోండి

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఆర్గ్ ఫైలుగా (హెడ్డింగు ముందు ఎన్ని * స్టార్లు పెడితే అది అన్నో స్థాయి) థీసిస్ రాసుకుంటూ, పీడీఎఫ్ సంగతి సబ్మిషన్ ముందు రాత్రి చూద్దాంలే అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. రాత్రి పన్నెండు దాటాక తెరిచి చూస్తే, నాలుగు స్టార్లు పెట్టి రాసిన "నమూనా సేకరణ" అనే హెడ్డింగు ముందు 1 అని నంబరు తగిలించుకుని లిస్టులో కూర్చుంది, దాని కింద రాసిన రెండు పేజీలూ కుడివైపు జరిగిపోయాయి.

ఫైలు పాడైందని టెన్షన్ పడకండి. ఆర్గ్ మోడ్ ఎక్స్‌పోర్ట్ (ఫైలును పీడీఎఫ్ లాంటి వేరే ఫార్మాట్‌లోకి తీయడం) మామూలుగా మూడు స్థాయిల వరకే హెడ్డింగు కింద లెక్కేస్తుంది, నాలుగో స్టార్ నుంచి అంతా లిస్టే. ఫైలు పైన ఆప్షన్స్ లైనులో (#+OPTIONS:) పెద్ద హెచ్, కోలన్, 4, మధ్యలో ఖాళీ లేకుండా (H:4) రాస్తే చాలు. ఏమీ మార్చకుండా లిస్టుగానే వదిలేస్తే ఇంకో గొడవ: ఆ లిస్టులో మీరు రాసుకున్న లిస్టులు కూడా చేరి లోతు పెరిగితే లేటెక్ (పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాం) ఎర్రర్ ఇచ్చి మొండికేస్తుంది.

విషయసూచిక లోతు మాత్రం వేరే. వెబ్ పేజీగా తీస్తే హెచ్ పెంచగానే సూచిక కూడా సాగుతుంది, పీడీఎఫ్‌లో లేటెక్ లెక్క లేటెక్‌ది. అందుకే అదే ఆప్షన్స్ లైనులో టీఓసీ కోలన్ 2 (toc:2) అని విడిగా చెప్పేయండి. నంబర్లు వద్దనుకుంటే నమ్ (num) అనే ఇంకో ఆప్షన్ ఉంది.

నన్ను ఎక్కువ ఏడిపించింది డాక్యుమెంట్ క్లాసు, అంటే ఇది వ్యాసమా, రిపోర్టా అని లేటెక్‌కు చెప్పే సెట్టింగు. ఆర్టికల్ క్లాసులో మొదటి స్టార్ సెక్షన్ అవుతుంది. అధ్యాయాలు కావాలి కదా అని రిపోర్ట్ క్లాసుకు మారితే అదే స్టార్ పార్ట్ అయిపోయి, ఒక్కో అధ్యాయానికి "పార్ట్ I" అంటూ పేజీకి పేజీ మింగేస్తుంది (చాప్టర్ రెండో స్టార్‌కు గానీ రాదు). పోనీ ఆర్టికల్‌లోనే ఉండి హెచ్‌ని 4 చేస్తే, నాలుగో హెడ్డింగు నంబరు లేకుండా బోల్డులో వచ్చి, దాని పక్కనే అదే లైనులో వాక్యం మొదలవుతుంది. తప్పేమీ కాదు గానీ, ఫార్మాట్ చూసేవాళ్ళు ఊరుకోరు.

ఇవన్నీ అసలు థీసిస్ మీద ప్రయోగాలు చేయకండి. వారం ముందే చిన్న ఫైలు ఒకటి తీసుకుని, ఒక స్టార్ నుంచి ఐదు స్టార్ల దాకా హెడ్డింగులు, ఒక్కోదాని కింద ఒక్క లైను, ఐదోదాని కింద ఓ లిస్టు పెట్టి, మీరు ఇవ్వాల్సిన ప్రతి ఫార్మాట్‌లోకీ తీసి చూడండి. నేనైతే చివరికి ఏ ఆప్షనూ మార్చలేదు, "నమూనా సేకరణ"కు ఒక స్టార్ తీసేశా.