నదీలోయల్లో సైకిల్ యాత్ర – నాలుగో పాఠం: ఏటి వాలును బట్టి దారిని చదవడం

గత మూడు పాఠాలలో సీటు ఎత్తును కాలికి తగినట్టు సరిచేసుకోవడం, దారిలో పంక్చరు వేసుకోవడం, క్యారియర్‌కు ఇరువైపులా సంచులను సమబరువుగా కట్టుకోవడం నేర్చుకున్నాం. సంచులు కట్టిన సైకిలు రోడ్డెక్కిన తరువాత మొదట ఎదురయ్యేది వాలు. కొండదారిలోని వాలు దూరం నుంచే కనిపిస్తుంది గనుక దానికి మనసు ముందే సిద్ధపడుతుంది. నదీలోయలోని వాలు మాత్రం కంటికి ఆనదు. ఈ పాఠమంతా దాని గురించే.

తిరుపతి నుంచి చంద్రగిరికి మొదటిసారి సంచులతో బయలుదేరిన రోజున నేను దారిలో రెండుసార్లు దిగి, వెనక చక్రాన్ని పైకెత్తి తిప్పి చూశాను. బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటోందేమోనని అనుమానం. చక్రం ఏ అడ్డూ లేకుండా తిరుగుతూనే ఉంది. రోడ్డు చూస్తే చదునుగా ఉంది, గాలి కూడా లేదు, అయినా తొడలు మాత్రం బరువెక్కాయి. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు అదే సైకిలు, అవే సంచులు, పెడలు తొక్కకుండానే చాలా దూరం జారుకుంటూ వచ్చినప్పుడు గాని అసలు సంగతి బోధపడలేదు. పొద్దున నేను స్వర్ణముఖి నదికి ఎదురు వెళ్లాను. మధ్యాహ్నం దానితో కలిసి దిగాను.

స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, తొండవాడ దగ్గర భీమా, కల్యాణీ నదులను కలుపుకొని, తిరుపతికి దక్షిణంగా సాగి, తిరుచానూరు, గుడిమల్లం, శ్రీకాళహస్తి మీదుగా వెళ్లి, నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే తిరుపతి నుంచి పడమటికి వెళ్లే ప్రతి దారీ దాదాపుగా ఎక్కుడే, తూర్పుకు వెళ్లే ప్రతి దారీ దిగుడే. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఈ చుట్టుపక్కల ఏ యాత్రనైనా సగం ప్రణాళిక వేసుకున్నట్టే.

కంటికి కనపడని ఈ వాలు ఎంత శ్రమ పెడుతుందో ఒక లెక్కతో చూద్దాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 85 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి శరీరం సుమారు 50 నుంచి 55 వాట్ల శక్తిని పెడల్ మీద పెట్టాలి. రోడ్డు 100 మీటర్లకు 1 మీటరు చొప్పున లేచిందంటే అదే వేగం నిలుపుకోవడానికి మరో 35 వాట్లు కావాలి. ఆ అదనపు శ్రమ వద్దనుకొని అంతే బలంతో తొక్కితే వేగం గంటకు 11 కిలోమీటర్లకు పడిపోతుంది. 100కు 3 మీటర్ల వాలైతే ఆరుకు దిగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వేగం తగ్గిందన్న చిన్నతనంతో పాత వేగాన్నే పట్టుకు వేలాడతారు, పది గంటలకల్లా అలసిపోతారు. లోయలో పైకి వెళ్లేటప్పుడు వేగాన్ని లెక్కపెట్టవద్దు. మాట్లాడుతూ తొక్కగలిగినంత శ్రమ ఎంతో దాన్ని మాత్రమే మార్చకుండా ఉంచుకోండి.

వాలును ముందుగా తెలుసుకోవడానికి మన దగ్గర చౌకైన సాధనం ఒకటి ఉంది. రైల్వే స్టేషన్ల ప్లాట్‌ఫారాల చివర ఊరి పేరు రాసిన పసుపు బోర్డు మీద, ఆ చోటు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో కూడా తరచుగా రాసి ఉంటుంది. శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి, పాకాల స్టేషన్లు ఒకే వరుసలో వస్తాయి కాబట్టి, ఆ అంకెలను నోటు పుస్తకంలో రాసుకొని రెండు ఊళ్ల ఎత్తుల తేడాను వాటి మధ్య దూరంతో భాగిస్తే సగటు వాలు చేతికొస్తుంది. ఫోనులోని పటం కూడా ఇదే చెబుతుంది, కాని చేత్తో వేసిన లెక్క ఒంటికి గుర్తుంటుంది.

స్టేషను లేని చోట ఏటి అడుగును చూడండి. మనిషంత గుండ్లు పడి ఉన్నాయంటే అక్కడ నీరు ఉరవడిగా దిగుతుంది, పక్కనున్న రోడ్డు నిటారుగా లేస్తుంది. గులకరాళ్లు ఉంటే వాలు మధ్యస్థం. ముతక ఇసుక పరుచుకొని ఏరు వెడల్పయ్యిందంటే వాలు స్వల్పం. మెత్తని ఒండ్రు కనిపించిన చోట దాదాపు చదునే. ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉండే మన ఏరుల్లో నీరు ఎటు పారుతుందో తెలియకపోతే వంతెన స్తంభాలను గమనించాలి. వరదలో కొట్టుకొచ్చిన కంపా చెత్తా స్తంభానికి చుట్టుకొని ఉన్న వైపు ఎగువ. స్తంభం చాటున తోకలా ఇసుక మేట వేసిన వైపు దిగువ. ఊళ్ల పేర్లు కూడా తోడ్పడతాయి. తలకోన, కైలాసకోన వంటి పేర్లలోని ‘కోన’ దారి కొండల నడుమ ముగుస్తుందని చెబుతుంది. ‘కనుమ’ అంటే దారి కొండను దాటి అవతలికి దిగుతుంది. కోనకు వెళ్లినవాడు వెళ్లిన దారినే తిరిగి రావాలి, కనుమ ఎక్కినవాడికి అవతల మరో లోయ దొరుకుతుంది. నీళ్లు, తిండి ఎంత మోసుకుపోవాలో తేల్చేది ఈ తేడాయే.

ఇక గేర్ల సంగతి. ముందున్న పళ్లచక్రం పళ్ల సంఖ్యను వెనకదాని పళ్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని చక్రపు చుట్టుకొలతతో గుణిస్తే పెడల్ ఒక్క చుట్టుకు సైకిలు ఎంత దూరం సాగుతుందో తెలుస్తుంది. ముందు 44, వెనక 18 పళ్లు, చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు ఉన్న మన పాతకాలపు సైకిలు ఒక్క చుట్టుకు దాదాపు 5.4 మీటర్లు వెళుతుంది. అందుకే అది చదునులో హాయిగా, ఎత్తులో మొండిగా ఉంటుంది. ముందు 28, వెనక 28 పళ్లున్న గేరులో ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకే. నిమిషానికి 70 చుట్లు తిప్పినా గంటకు తొమ్మిది కిలోమీటర్లే సాగుతాం గాని మోకాలు మాత్రం క్షేమంగా ఉంటుంది. నిమిషానికి 70 చుట్ల లయ తప్పుతోందని అనిపించగానే గేరు దించండి. కాలు బరువెక్కేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, పైగా అప్పటికి చైను బిగుసుకొని గేరు మార్పు కూడా సాఫీగా జరగదు. గేర్లు లేని సైకిలైతే ఆ చోట దిగి నడిపించండి. సంచుల సైకిలును పక్కన పట్టుకొని నడవడం కూడా ఈ విద్యలో భాగమే. నేను ఇప్పటికీ నడుస్తాను.

వాలుతో పాటు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ప్రధానంగా పడమటి వైపు నుంచి వీస్తుంది కాబట్టి చంద్రగిరి వైపు వెళ్లేటప్పుడు ఎత్తూ ఎదురుగాలీ రెండూ మీ మీదే ఉంటాయి, తిరుగు ప్రయాణం మాత్రం పండుగలా సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి. అప్పుడు ఎగువకు వెళ్లేవారిని వెనక నుంచి నెడుతుంది, దిగువకు వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. కొత్తవారు శ్రీకాళహస్తి యాత్రకు తొందరపడేది, అది సులభంగా కనిపించడం వల్లనే. సుమారు 38 కిలోమీటర్ల దారి అంతా దిగుడు, మధ్యలో పాపానాయుడుపేట వైపు మళ్లితే గుడిమల్లంలోని పరశురామేశ్వరాలయం. అయితే ఆ సౌఖ్యానికి వెల మధ్యాహ్నపు ఎండలో, అలసిన కాళ్లతో, ఎక్కుడు దారిలో చెల్లించవలసి ఉంటుంది. కాబట్టి మొదటి నెల యాత్రలన్నీ పొద్దున ఎగువకు వెళ్లి, ఎండెక్కేసరికి దిగువకు వచ్చేవిగానే పెట్టుకోండి.

లోయ దారులలో చప్టా (ఏటి మీద తక్కువ ఎత్తులో వేసిన సిమెంటు దారి) లేని దారి అరుదు. ఎండిన రోజుల్లో చప్టా మీద పేరుకున్న ఇసుక మేటే ప్రమాదం; దాని మీద ముందు చక్రాన్ని తిప్పినా, బ్రేకు పట్టినా పడటం ఖాయం. మేటకు ముందే వేగం తగ్గించి, హ్యాండిల్ తిన్నగా ఉంచి, తొక్కుతూ దాటాలి. లోతుగా ఉంటే దిగాలి. పక్కన పడి ఉన్న పల్లేరు కాయలు, కంపచెట్ల ముళ్లు టైరుకు అంటుకుంటాయి గనుక దాటగానే టైరును తడిమి చూసుకోవాలి. పలుచగా నీరు పారుతున్న చోట పాచి ఉంటుంది. చప్టా మీద నీరు పరుగెత్తుతూ, అడుగు కనిపించకుండా ఉంటే దాటడం గురించి ఆలోచన కూడా వద్దు. 2021 నవంబరు వర్షాలకు స్వర్ణముఖి పొంగినప్పుడు ఈ ప్రాంతంలో వంతెనలు, చప్టాలు దెబ్బతిన్నాయి. రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చిందని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. మనం చూసే చప్టా కింద సిమెంటు ఇంకా ఉందో లేదో పైన పారే నీరు చెప్పదు.

చంద్రగిరి దాటి పడమటికి, ఉత్తరానికి వెళ్లినకొద్దీ శేషాచలం అడవి దగ్గరపడుతుంది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం ఇక్కడివే. ఇది ఎర్రచందనం అడవి గనుక కాపలా గట్టిగా ఉంటుంది. అటవీశాఖ అనుమతి లేకుండా పక్కబాటల్లోకి సైకిలు దించకూడదు. ఏనుగులు అడవి అంచు పొలాల్లోకి దిగుతుంటాయి, చిరుతలూ ఉన్నాయి. తెల్లవారిన తరువాతే అడవి దారిలోకి వెళ్లి, సాయంత్రం నాలుగింటికల్లా ఊరి దారిలో ఉండాలి.

ఈ వారం అభ్యాసం చిన్నదే. పొద్దున ఆరింటికి తిరుపతి నుంచి బయలుదేరి, తొండవాడలో అగస్త్యేశ్వరాలయం దగ్గర ఆగి మూడు నదుల అడుగులను వేరువేరుగా చూడండి. ఏది ఎక్కువ వాలులోంచి వస్తోందో ఇసుకను బట్టి మీరే తేల్చుకోండి. అక్కడి నుంచి చంద్రగిరి కోటకు వెళ్లండి. విజయనగర రాజులకు చివరి రోజుల్లో రాజధాని అయిన ఈ కోట కొండనూ, కింద లోయనూ ఒకే చూపులో పట్టుకుంటుంది. రాజమహల్ ఎదుట కూర్చొని పొద్దుటి ఇడ్లీ పొట్లం విప్పుకోవచ్చు. మ్యూజియం చూడదలచినవారు సెలవు రోజు ముందే కనుక్కోండి. వెళ్లేటప్పుడు పట్టిన సమయం, వచ్చేటప్పుడు పట్టిన సమయం, గాలి దిశ, ఎన్నిసార్లు గేరు దించారు, ఎంత నీరు తాగారు అన్నవి రాసుకోండి. గంటకు అర లీటరు కంటే తక్కువ తాగి ఉంటే రెండో సీసా కట్టుకోవడానికి చోటు వెదకండి.

వచ్చే పాఠంలో భాకరాపేట ఘాటు. ఆ మలుపులలో ఎక్కడం కంటే దిగడమే కష్టం గనుక, ఈలోగా రెండు బ్రేకుల రబ్బర్లూ ఎంత అరిగాయో చూసి ఉంచండి.