ఇంజిన్ కట్టుకుందాం – 4వ పాఠం: వాల్వ్ లిఫ్ట్ ఎంత పెట్టాలి?

పోయిన పాఠంలో హెడ్డు (సిలిండర్ మీది మూత) విప్పి ఇన్‌టేక్ వాల్వ్ (గాలిని లోపలికి వదిలేది) తల కొలిచి రాసుకోమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. మా రాయగడ షెడ్డుకి వచ్చే కుర్రాళ్లు ముందు క్యామ్ (తిరుగుతూ వాల్వ్‌ని నొక్కి తెరిచేది) కొనేస్తారు, హెడ్డు సంగతి తర్వాత చూస్తారు, పాదం కొలవకుండా చెప్పులు కొన్నట్టు. ఇంకోమాట, లిఫ్ట్ అంటాం గానీ వాల్వ్ తెరుచుకునేటప్పుడు సీటు మీంచి కిందికే దిగుతుంది. ఎంత దిగిందో అదే లిఫ్ట్.

వాల్వ్ 28 మి.మీ. అనుకుందాం. అది దిగితే అంచు చుట్టూ ఉంగరంలా సందు పడుతుంది, గాలి దూరేది ఆ సందులోంచే. వ్యాసంలో నాలుగో వంతు, అంటే 7 మి.మీ. దిగేసరికి ఆ సందు వైశాల్యం వాల్వ్ తల వైశాల్యంతో సమానం. కాగితం మీద అక్కడితో సరి. కానీ పోర్టులోంచి (హెడ్డులో వాల్వ్ దాకా గాలి వచ్చే దారి) వచ్చిన గాలి వాల్వ్ దగ్గర మలుపు తిరగాలి, అక్కడ కొంత నష్టం, అందుకని పోర్టు బాగుంటే 8.4, ఒక్కోసారి 9.8 దాకా (వ్యాసంలో 0.30 నుంచి 0.35 వంతు) గాలి పెరుగుతూనే ఉంటుంది. పోర్టు ఇరుకైతే ఎంత దించినా పెరగదు, అప్పుడు డబ్బు పెట్టాల్సింది పోర్టు మీద, క్యామ్ మీద కాదు. పైగా వాల్వ్ పూర్తి లిఫ్ట్ దగ్గర ఒక్కసారే ఉంటుంది, 3, 4, 5 మి.మీ. దగ్గర మాత్రం వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి. నన్నడిగితే ఆ మధ్య లిఫ్టుల్లో గాలి బాగా పోయే హెడ్డే మంచి హెడ్డు.

"అన్నా, లిఫ్ట్ పెంచితే కోరాపుట్ ఘాట్‌లో పుల్లింగ్ పోతుందా?" అని ఒకడు అడిగాడు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పటి పుల్లింగ్‌ని ఎక్కువగా తినేసేది లిఫ్ట్ కాదు, డ్యూరేషన్, అంటే వాల్వ్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో అది. దాని సంగతి 5వ పాఠంలో.

ఇప్పుడు మీ పాత క్యామ్ ఎంత ఇస్తోందో చూడండి. వెర్నియర్‌తో లోబ్ (క్యామ్ మీది గుడ్డు ఆకారపు భాగం) నిలువునా కొలిస్తే 31.2 వచ్చింది, గుండ్రటి వైపు అడ్డంగా 25 వచ్చింది అనుకోండి. తేడా 6.2. రాకర్ (క్యామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఊగే చెయ్యి) ఆ కదలికని ఎన్ని రెట్లు చేస్తుందో అది రాకర్ రేషియో, అది 1.3 అయితే 8.06, అందులోంచి టాపెట్ గ్యాప్ (వాల్వ్ మూసి ఉన్నప్పుడు మధ్యలో వదిలే సందు) 0.08 తీసేస్తే వాల్వ్‌కి దక్కేది 7.98. రాకర్ లేకుండా క్యామ్ నేరుగా నొక్కే ఇంజిన్లలో ఈ గుణకారం ఉండదు.

ఎంత కావాలో తెలిసింది, ఎంత పడుతుందో చూడాలి. స్ప్రింగ్ బిగించి ఉన్నప్పుడు 33 మి.మీ., చుట్లన్నీ అంటుకునేదాకా నొక్కితే 22.5 అయితే మిగిలేది 10.5. అందులో ఒకటిన్నర వదిలేస్తే 9 మి.మీ. మీ హద్దు. రెండోది, రిటైనర్ (స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే టోపీ) అడుగుకీ గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) మీది ఆయిల్ సీలుకీ మధ్య దూరం. దీన్ని అందరూ మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను. నా సొంత బండికి ఒక షాపులో ఎక్కువ లిఫ్ట్ క్యామ్ తెచ్చి వేసుకున్నాను, స్ప్రింగ్ చూశాను, పిస్టన్ చూశాను, ఇది చూడలేదు. రిటైనర్ వెళ్లి సీలుని కొడుతూ కొడుతూ చింపేసింది, మూడో రోజుకి సైలెన్సర్లోంచి నీలం పొగ. పాపం షాపువాడిని ఒక వారం తిట్టుకున్నాను కూడా. పూర్తి లిఫ్ట్ దగ్గర అక్కడా ఒకటిన్నర మి.మీ. ఉండాలి.

మూడోది పిస్టన్. పిల్లలాడుకునే మట్టి ముద్ద పిస్టన్ మీద వాల్వ్ గాడి దగ్గర పరిచి, అంటుకోకుండా వాల్వ్‌కి కాస్త నూనె రాసి, వాడేసిన గ్యాస్కెట్ వేసి హెడ్డు బిగించి, టైమింగ్ సరిగ్గా పెట్టి, క్రాంక్ చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, బలవంతం చేస్తే వాల్వ్ వంగుతుంది. విప్పి మట్టిని బ్లేడుతో నిలువునా కోసి అన్నిటికన్నా పలుచనైన చోట కొలవండి. ఇన్‌టేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. తగ్గకూడదు. వాల్వ్ పిస్టన్‌కి బాగా దగ్గరయ్యేది పూర్తి లిఫ్ట్ దగ్గర కాదు, పిస్టన్ పైకొచ్చే సమయంలో, టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) పది డిగ్రీలు అటూ ఇటూ. అప్పుడు వాల్వ్ ఇంకా సగం కూడా తెరుచుకుని ఉండదు.

ఈ మూడు హద్దుల్లో చిన్నదేదో దాన్ని మీ లిఫ్ట్ దాటకూడదు, పోర్టు అంతకన్నా ముందే ఆగితే అక్కడే ఆగండి. స్ప్రింగ్ 9 అని, పోర్టు 8.4కే ఆగితే 8.4 కొనండి, మిగతా 0.6 మి.మీ. లోబ్‌నీ స్ప్రింగ్‌నీ అరగదీయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. వచ్చే వారానికి మీ కాగితం మీద నాలుగు అంకెలు ఉండాలి: వాల్వ్ వ్యాసం, ఇప్పటి లిఫ్ట్, స్ప్రింగ్‌లో మిగులు, మట్టి మందం.