ఇంటి చదువులో కంపోస్టు డబ్బా, కరెంటు మీటరు

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునేవాళ్లు పర్యావరణానికి వేరే పీరియడ్ పెట్టక్కర్లేదు. మా ఇంట్లో సైన్సంతా కంపోస్టు డబ్బా చుట్టూనే తిరుగుతుంది.

మూత ఉన్న పాత బకెట్‌కి అడుగున, పక్కల రంధ్రాలు చేయండి. కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు లేదా చింపిన అట్టముక్కలు రెండు మూడు వంతులు వేయండి. పట్టుకుంటే పిండిన స్పాంజిలా ఉండాలి. వారానికోసారి కర్రతో కలిపితే లోపల గాలి ఆడుతుంది. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైనట్టు, ఇంకొన్ని ఎండుటాకులు పడాలి. ఈ కారణం మీరు చెప్పేయకండి, పిల్లల్నే కనిపెట్టనివ్వండి. చెత్త ఎంత కుంగిందో స్కేలుతో కొలిచి గ్రాఫ్ గీయించండి. సూక్ష్మజీవుల పాఠానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలియదు.

లెక్కలకి కరెంటు మీటరు ఉంది. 60 వాట్ల పాత బల్బు పది గంటలు వెలిగితే 0.6 యూనిట్, 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే 0.09. మా పెద్దమ్మాయికి దశాంశాలు ఇక్కడే ఒంటపట్టాయి.

ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలను రఫ్ నోట్‌బుక్‌గా కుట్టుకోండి. ఇక పర్యావరణహితం అని రాసి అమ్మే కొత్త కిట్ల జోలికి వెళ్లేముందు, అలాంటిది ఇంట్లోనో లైబ్రరీలోనో ఉందేమో చూడండి.