చంద్రుడి గురించి ఫ్లాట్ ఎర్త్ వాళ్లతో వాదించాలంటే

అన్నిటికన్నా ముందు, చంద్రయాన్ పేరు ఎత్తకండి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేవడం, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగడం మనందరం లైవ్‌లో చూశాం, కాదనను. కానీ భూమి బల్లపరుపు అని నమ్మే మనిషి దృష్టిలో ఇస్రో, నాసా అంతా ఒకే తాను ముక్కలు. మీరు ఆ పేరు తీసిన మరుక్షణం చర్చ చంద్రుణ్ని వదిలేసి "నువ్వు వెళ్లి చూశావా" దగ్గర ఆగిపోతుంది, ఇక రాత్రి రెండింటిదాకా అదే. డాబా మీద నిలబడి ఇద్దరూ చూడగలిగినవి, కొలవగలిగినవి మాత్రమే వాడండి. అవి చాలు, ఇంకా మిగులుతాయి కూడా.

తర్వాత పని, ఎదుటివాళ్ల మోడల్ ఏంటో వాళ్ల నోటితోనే చెప్పించడం. ఇప్పటి ఫ్లాట్ ఎర్త్ వాదం చాలావరకు 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో శామ్యూల్ రోబోథమ్ అనే ఆయన మొదలుపెట్టింది. భూమి ఒక పళ్లెం, మధ్యలో ఉత్తర ధ్రువం, అంచు చుట్టూ అంటార్కిటికా మంచు గోడ. సూర్యచంద్రులు రెండూ దాదాపు 5,000 కిలోమీటర్ల ఎత్తులో, ఒక్కొక్కటి 50 కిలోమీటర్ల వెడల్పుతో, పళ్లెం మీద గుండ్రంగా తిరుగుతుంటాయి. చంద్రుడికి సొంత వెలుగు ఉంటుంది. అందరూ ఇలాగే చెప్పరు, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, అందుకే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉండాలి: "చంద్రుడు ఎంత ఎత్తులో ఉన్నాడంటారు?" నంబర్ వచ్చేదాకా ముందుకి కదలకండి. ఎదురుగా ఉన్నది బాబాయో మావయ్యో అయితే "మీరే చెప్పండి బాబాయ్, నేను రాసుకుంటా" అనండి, వెటకారం లేకుండా. నంబర్ లేని మోడల్‌తో వాదించడం వృథా, ఏ పరీక్ష పెట్టినా తప్పించుకుంటుంది.

మీ వైపు ఇల్లు కూడా సర్దుకోండి. గుండ్రని భూమి అని గట్టిగా వాదించే వాళ్లలోనే సగం మంది "భూమి నీడ పడటం వల్ల చంద్రుడు తగ్గుతాడు, పెరుగుతాడు" అంటారు. తప్పు. భూమి నీడ పడేది గ్రహణం రోజున మాత్రమే. కళలకి కారణం వేరు: సూర్యుడి వెలుగు పడే సగం ఎప్పుడూ సగమే, అందులో మనకి ఎంత కనిపిస్తుందన్నది సూర్యచంద్రుల మధ్య కోణాన్ని బట్టి మారుతుంది. మన పంచాంగం లెక్క కూడా సరిగ్గా ఈ కోణమే, 12 డిగ్రీలకి ఒక తిథి, అష్టమి సగం గడిచేసరికి 90 డిగ్రీలు, అప్పుడు సగం చంద్రుడు. మీరు నీడ కథ చెబితే ఎదుటివాడు "అష్టమి రోజు సాయంత్రం సూర్యుడు, చంద్రుడు రెండూ ఆకాశంలోనే ఉన్నాయి కదా, మరి మధ్యలోకి భూమి ఎలా వచ్చింది" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న, మీ దగ్గర జవాబు ఉండదు. ఇంకో తప్పు, "చంద్రుడు తన చుట్టూ తాను తిరగడు" అనడం. తిరుగుతాడు, 27.3 రోజులకి ఒకసారి. భూమి చుట్టూ తిరగడానికీ అంతే టైమ్ పడుతుంది కాబట్టి మనకి ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తుంది.

ఇప్పుడు చాలామంది ఇష్టంగా వాడే ఒక వాదన వదిలేయమంటాను: "మెల్‌బోర్న్‌లో చంద్రుడు తలకిందులుగా కనిపిస్తాడు, కాబట్టి భూమి గుండ్రం." తలకిందులుగా కనిపించే మాట నిజమే. కానీ పళ్లెం మోడల్ కూడా దీన్ని చెప్పగలదు. గదిలో సీలింగ్ ఫ్యాన్‌కి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి చూస్తే ఇద్దరికీ ఫ్యాన్ ఎదురెదురు దిక్కుల్లో కనిపించదా, అంతే అంటారు. ఆ జవాబులో తప్పేం లేదు. రెండు మోడల్సూ ఒకే జవాబు ఇచ్చే ప్రశ్న దేన్నీ తేల్చదు, అది ఎంత గొప్పగా వినిపించినా సరే.

అదే ఫొటోని ఇంకోలా వాడండి. హైదరాబాద్‌లో ఉన్న మీరు, మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అక్కో కజినో ఒకే రాత్రి, దాదాపు ఒకే సమయానికి చంద్రుణ్ని ఫొటో తీయండి. ఒకటి తిప్పి పక్కన పెడితే మచ్చలన్నీ అవే, అదే ముఖం. రెండు ఊళ్ల మధ్య 9,000 కిలోమీటర్ల పైనే దూరం. చంద్రుడు 5,000 కిలోమీటర్ల ఎత్తులో వాళ్లిద్దరికీ మధ్యలో ఉంటే, ఇద్దరి చూపులకీ మధ్య కోణం 80 డిగ్రీలు దాటుతుంది, అంటే ఒకరికి కనిపించే ముఖంలో దాదాపు సగం రెండోవాళ్లకి కనిపించకూడదు. చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. ఫొటోలు ఏం చెబుతున్నాయో మీరు చెప్పక్కర్లేదు, ఆయన్నే చెప్పమనండి. చంద్రుడు బంతి కాదు, అది కూడా పళ్లెమే అంటారా, అప్పుడు అంత పక్క నుంచి చూసినవాళ్లకి అది కోడిగుడ్డులా నొక్కుకుపోయి కనిపించాలి, ఎవరి ఫొటోలోనూ అలా రాదు. ఒక జాగ్రత్త: కొన్ని ఫోన్లు చంద్రుణ్ని గుర్తుపట్టి ఏఐతో మెరుగులు దిద్దుతాయి, ఆ విషయం ఎదుటివాడికి మీకన్నా బాగా తెలిసి ఉంటుంది. మామూలు కెమెరానో, బైనాక్యులర్స్‌తో చూసి కాగితం మీద గీసిన బొమ్మో అయితే ఆ పేచీ ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది సైజు పరీక్ష, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు. కాగితానికి పంచింగ్ మెషీన్‌తో ఒక చిల్లు పెట్టి, చెయ్యి పూర్తిగా చాచి, ఆ చిల్లులోంచి చంద్రుణ్ని చూడండి. దాదాపు సరిగ్గా పడతాడు. పౌర్ణమి రోజు విశాఖ బీచ్‌లో సముద్రంలోంచి లేస్తున్నప్పుడు ఒకసారి, అదే రాత్రి నడినెత్తికి వచ్చాక ఇంకోసారి చూడండి. లేచేటప్పుడు పెద్దగా అనిపించడం కంటి భ్రమ, చిల్లులో మాత్రం రెండుసార్లూ ఒకటే సైజు. ఇప్పుడు ఆయన ఇచ్చిన నంబర్ తీయండి: నడినెత్తిన 5,000 కిలోమీటర్లు, పక్కకి ఒక 10,000 కిలోమీటర్లు జరిగితే మననుంచి 11,000 దాటింది, అంటే సైజు సగానికన్నా తగ్గాలి. పైగా అప్పటికీ అది దిగంతానికి 26 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పళ్లెం మీద ఎంత దూరం పోయినా దిగంతం దాకా దిగదు, మునగడం సంగతి తర్వాత. "అది పర్‌స్పెక్టివ్ వల్ల" అంటారు. సరే, పర్‌స్పెక్టివ్ అయితే చిన్నదవుతూ పోవాలి కదా, ఇక్కడ సైజు మారకుండా అడుగు నుంచి మునుగుతోంది. ఎంత జూమ్ ఉన్న కెమెరా అయినా, ఆ నికాన్ పీ900 అయినా, మునిగిన చంద్రుణ్ని వెనక్కి తీసుకురాలేదు. ఈ పరీక్ష ఒకే రాత్రి చేయాలన్నది మర్చిపోకండి, ఎందుకంటే నెలలో చంద్రుడి దూరం నిజంగానే మారుతుంది, సైజు కూడా కొంచెం మారుతుంది.

సొంత వెలుగు అన్న మాటకి నిమ్మకాయ చాలు, టేబుల్ టెన్నిస్ బంతి ఉంటే ఇంకా మంచిది. శుద్ధ అష్టమి దగ్గర్లో సాయంత్రం నాలుగు గంటలకి ఎండలో నిలబడి, కాయని చంద్రుడి పక్కకి వచ్చేలా ఎత్తి పట్టుకోండి. కాయ మీద ఎండ ఏ వైపు ఎంత పడిందో, చంద్రుడు కూడా అదే వైపు అంతే వెలిగి ఉంటాడు. రెండు రోజుల తర్వాత సాయంత్రం చూసినా, రెండు వారాల తర్వాత బహుళ అష్టమి దగ్గర్లో పొద్దున చూసినా అంతే (పౌర్ణమి దగ్గర సూర్యుడు, చంద్రుడు ఒకేసారి దొరకవు, అది వేరే సంగతి). సొంత వెలుగే అయితే చంద్రుడు ఎండలో ఉన్న నిమ్మకాయని ఎందుకు అనుకరించాలి? బైనాక్యులర్స్ ఉంటే వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర గుంతలు చూపించండి, వాటి నీడలన్నీ సూర్యుడికి వ్యతిరేక దిక్కుకే ఉంటాయి.

గ్రహణాల దగ్గరికి వస్తే పళ్లెం మోడల్‌కి అసలు చిక్కు. సూర్యుడు, చంద్రుడు రెండూ భూమి పైనే ఎగురుతుంటే భూమి నీడ చంద్రుడి మీద పడే దారే లేదు. అందుకని కనిపించని ఒక నల్లటి వస్తువు అడ్డం వస్తుందంటారు. మనకి ఇది కొత్తేం కాదు, రాహువు. ఆర్యభటుడు 499లోనే చంద్రగ్రహణం భూమి నీడ అని రాసేశాడు, మన సిద్ధాంతుల లెక్కలో రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే బిందువులు మాత్రమే. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ గ్రహణం హైదరాబాద్‌లో చంద్రుడు ఎత్తుగా ఉన్నప్పుడు కనిపించింది, అదే సమయంలో మెల్‌బోర్న్‌లో పడమర వైపు దిగుతున్నప్పుడు కనిపించింది, రెండు చోట్లా నీడ అంచు గుండ్రమే. ఎత్తులో ఉన్నా, దిగంతం దగ్గర ఉన్నా, ఏ గ్రహణంలో చూసినా అంతే, ఎటు నుంచి వెలుగు పడినా గుండ్రటి నీడ ఇచ్చేది బంతి ఒక్కటే. "గ్రహణాలు 18 ఏళ్ల 11 రోజులకి మళ్లీ వస్తాయి, ఆ చక్రంతో పాతకాలం బాబిలోన్ వాళ్లు కూడా గ్రహణాలు ముందే చెప్పారు, మోడల్ ఎందుకు" అని అడగొచ్చు. తేదీ వరకు నిజమే, ఒప్పుకోండి. సూర్యగ్రహణం నీడ ఏ ఊరి మీదుగా ఏ నిమిషానికి పోతుందో ఆ చక్రం ఒక్కటీ చెప్పలేదు. 1980 ఫిబ్రవరి 16న ఆ నీడ ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా పోతుందని ముందే తెలిసింది, శాస్త్రవేత్తలు అక్కడ కాచుకుని చూశారు.

వాళ్ల ప్రశ్నల్లో మూడింటికి ముందే తయారుగా ఉండండి. "సగం చంద్రుడి వెలుగు సూర్యుడి వైపు కాకుండా పైకి చూస్తోందేంటి?" ఒక దారం లాగి పట్టుకుని సూర్యుడి నుంచి చంద్రుడి దాకా ఆనించి చూడమనండి, సరిగ్గా వెలిగిన వైపుకే పోతుంది. "వెన్నెల చల్లగా ఉంటుంది, థర్మామీటర్ పెట్టి చూశాం, నీడలో కన్నా తక్కువ." నిజమే, ఆరుబయట పెట్టిన వస్తువు వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, పందిరి కింద పెట్టింది వదలదు. అమావాస్య రాత్రి పెట్టినా అదే తేడా వస్తుంది, చేసి చూడమనండి. మూడోది కాస్త గట్టిది: "గ్రహణం పట్టిన చంద్రుడు, సూర్యుడు రెండూ ఒకేసారి దిగంతం మీద కనిపిస్తాయే, మధ్యలో భూమి ఏది?" దిగంతం దగ్గర గాలి వెలుగుని వంచి, ఆ రెండిటినీ సుమారు అర డిగ్రీ పైకి లేపి చూపిస్తుంది. వాటి వెడల్పే అర డిగ్రీ, కాబట్టి కొన్ని నిమిషాలు రెండూ కనిపిస్తాయి. అరగంట కనిపిస్తే అప్పుడు మనం కంగారు పడాలి.

ఒక్కసారికి ఒక్క ప్రశ్నే పెట్టుకోండి. ఒకటి తేలకముందే ఎదుటివాడు నాలుగు కొత్తవి విసురుతాడు, "ఇది అయ్యాక అది" అని వెనక్కి లాగండి. "ఏం కనిపిస్తే మీ మనసు మారుతుంది" అని పరీక్షకి ముందే అడగండి, తర్వాత కాదు, మీరూ మీ జవాబు చెప్పండి. గ్రూపులో పదిమంది ముందు కన్నా ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడితే మేలు, నలుగురి ముందు ఎవరూ వెనక్కి తగ్గరు. అన్నీ కాదని చివరికి దూరం దగ్గరే ఇరుక్కుంటే, హ్యామ్ రేడియో (సరదాకి ఇంట్లో నడుపుకునే సొంత రేడియో స్టేషన్) పెట్టుకున్న వాళ్లు ఎవరైనా తెలుసేమో చూడండి, పెద్ద యాంటెన్నా ఉన్నవాళ్లు సిగ్నల్‌ని చంద్రుడి మీద కొట్టి ప్రతిధ్వని వింటారు. ఏ ప్రభుత్వానికీ సంబంధం లేదు. ఆ ప్రతిధ్వని రెండున్నర సెకన్లకి వస్తుంది, 5,000 కిలోమీటర్ల ఎత్తే అయితే సెకనులో ముప్పయ్యో వంతుకే రావాలి.