కవిత చదవడం నేర్చుకుందాం – 5: మాట తిరిగి వచ్చినప్పుడు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? విజయవాడ బస్టాండులో పది నిమిషాలు నిలబడి ఊరికే వినమన్నాను. "గుంటూరు, గుంటూరు, గుంటూరు!" అన్న కేక చెవిన పడే ఉంటుంది. మొదటి గుంటూరు ఊరి పేరు. మూడోదానికి వచ్చేసరికి "బండి కదులుతోంది, త్వరగా ఎక్కండి" అని వినిపిస్తుంది. ఒక్క అక్షరం మారలేదు, చెప్పే సంగతి మారిపోయింది.

రెండుసార్లు అన్న మాటలో రెండోదాన్ని వ్యాకరణం ఆమ్రేడితం అంటుంది. పగలు, పగలు కలిసి పట్టపగలు; నడుమ, నడుమ కలిసి నట్టనడుమ. బడిలో ద్విరుక్తటకార సంధి అని బట్టీపట్టి వదిలేశాం. ఇప్పుడు ఆ 'ట్ట'ను పైకి అనండి. నాలుక అంగిలికి తగిలి క్షణం ఆగుతుంది, మేకు దిగినట్టు. 'మధ్యలో' అంటే ఆ దెబ్బ లేదు.

ఇక, "గోంగూరంటే గుంటూరు గోంగూరే గోంగూర" అంటాం. చివరి గోంగూరలో ఉన్నది మెప్పు. మాటా అర్థమూ అవే, తాత్పర్యం వేరు కనుక ఇది లాటానుప్రాస. అదే వాక్యంలో గ, ర హల్లులు మళ్లీ మళ్లీ రావడం వృత్త్యనుప్రాస. దీని మీద నాకు కాస్త అనుమానమే. పది 'క'లు పేర్చి పద్యమైపోయిందని మురిసిన రోజులు నాకూ ఉన్నాయి.

మండు వేసవిలో ప్రకాశం బ్యారేజీ మీద నుంచి దిగువకు చూసి రాసుకున్నవి ఈ మూడు పాదాలు:

ఇసుక, ఇసుక, ఇసుక
నట్టనడుమ నీటి పాయ
ఇసుక

మొదటి పాదంలో ఒక ఇసుక తీసేసి చదవండి. చూపు అంత దూరం పోదు. రెండో పాదంలో 'నట్ట' దగ్గర ఆగిన గొంతు 'నీ', 'పా' దీర్ఘాల మీద సేదతీరుతుంది. చివరి ఇసుక నీళ్లు చూశాక వచ్చింది, అందుకే ముందు మూడింటికన్నా పొడిగా ఉంటుంది. మొదట అక్కడ "మళ్లీ ఇసుక" అని రాశాను. ఆ 'మళ్లీ' పని మాట తిరిగి రావడమే చేస్తోంది కదా, కొట్టేశాను.

ఈ వారం పని: మీ ఇంట్లో రోజూ వినపడే ఒక మాట పట్టుకోండి. నాలుగు పాదాల్లో మూడుసార్లు రానివ్వండి, విశేషణాలు లేకుండా. మూడోసారి కొత్తగా ఏమీ చెప్పకపోతే ఆ పాదం కొట్టేయండి. వచ్చే పాఠం అంత్యప్రాస మీద.