నాలుగు చెవుల దేవత: కల్పిత లోకంలో రహస్యాల తల్లిని నిలబెట్టడం ఎలా

పగలు పద్దులు రాస్తాను, రాత్రి కథలు రాస్తాను. పదేళ్లుగా ఒకే కల్పిత లోకాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. అందులో దేవతలు ఏడుగురు. వానకు, కొలిమికి, పంటకు, యుద్ధానికి దేవతను రాయడం పెద్ద పనేమీ కాదు. వాళ్లు చేసేది కంటికి కనబడుతుంది, వర్ణిస్తే చాలు. రహస్యాలకూ మరుగున పడిన విద్యలకూ అధిదేవతను నిలబెట్టడానికి మాత్రం మూడు చిత్తుప్రతులు చింపాల్సి వచ్చింది. ఆ కాగితం ఖర్చు మీకైనా తప్పాలని ఇది రాస్తున్నాను.

మొదటి ప్రతిలో అందరూ చేసే పనే చేశాను. నల్ల మేలిముసుగు, భుజాన గుడ్లగూబ, నడుముకు తాళంచెవుల గుత్తి. పేరు నిగూఢ. వర్ణనకే రెండు పేజీలు. చదివిన స్నేహితురాలు ఒక్క ప్రశ్న అడిగింది: "అంతా బాగుంది గానీ, ఇంతకీ ఈవిడ దాచిందేమిటి?" నా దగ్గర జవాబు లేదు. ముసుగు కింద మొహమే లేదని అప్పుడు తెలిసింది.

రెండో ప్రతిలో తప్పు ఇంకా పెద్దది. ఆమెకు సర్వం తెలుసని రాశాను. పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి కథ చతికిలబడింది. రాజును చంపిందెవరో తెలుసుకోవడానికి కథానాయకుడు ఊరూరా తిరగడం దేనికి? గుడికి వెళ్లి అడిగితే సరిపోయేది. అతను అడగకుండా ఉండటానికి నేను సాకులు వెతికాను. దేవత అలిగింది, గుడి తలుపులు మూసి ఉన్నాయి, పూజారికి జ్వరం వచ్చింది. పూజారి జ్వరం దగ్గర నాకే నవ్వొచ్చి కలం పక్కన పెట్టేశాను.

అందుకని, రూపం జోలికి వెళ్లేముందు హద్దు గీసుకోండి. ఆమెకు ఏది తెలుస్తుంది, ఏది తెలియదు, తెలిసినది ఎప్పుడు చేజారుతుంది? ఈ మూడింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాయలేకపోతే ఆమె పేరు కూడా పెట్టవద్దు.

నా హద్దు పాత నీతిశ్లోకంలో దొరికింది. "షట్కర్ణో భిద్యతే మంత్రః, చతుష్కర్ణః స్థిరో భవేత్." ఆరు చెవుల్లో పడిన ఆలోచన పొక్కుతుంది, నాలుగు చెవుల్లో ఉన్నది నిలుస్తుంది అని. రాజులకూ మంత్రులకూ చెప్పిన ఈ మాటను నేను అక్షరాలా తీసుకుని దేవతకు ధర్మంగా పెట్టాను. ఆమె పేరు చతుష్కర్ణి అయింది. జనం నోట నాలుగుచెవులమ్మ.

విగ్రహానికి ఉన్నవి రెండు చెవులే. మిగతా రెండూ భక్తుడివి. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటను అతను ఆమె చెవిలో వేస్తే, అది నాలుగు చెవుల మధ్య భద్రంగా ఉంటుంది. మూడో మనిషికి తెలిసిన మరుక్షణం ఆమె దాన్ని మరిచిపోతుంది. తనకై తాను ఏదీ కనిపెట్టలేదు. చెప్పినదే ఆమెకు తెలుస్తుంది.

ఈ నాలుగు ముక్కలు రాసిన రాత్రి కథ తనంతట తానే కదిలింది. ఇద్దరు కలిసి కుట్ర పన్నారనుకోండి. అప్పటికే నాలుగు చెవులు నిండిపోయాయి, అమ్మకు చోటు లేదు. కాబట్టి ఆ లోకంలో కుట్రదారులు ఒంటరిగా ఏ పనీ చేయరు. దేవతకు తెలియకూడదంటే ముందు ఒక స్నేహితుడికి చెప్పు అన్నది అక్కడి దొంగల సామెత. నా రాజును చంపినవాళ్లు ఇద్దరు. పన్నెండో అధ్యాయం బతికింది.

ఇక రెండో లెక్క. మీ గుట్టు నేను ఆమెను అడిగి తెలుసుకుంటే మీరు, ఆమె, నేను కలిపి ఆరు చెవులు. ఆమె ఆ మాట పోగొట్టుకుంటుంది. అంటే ఇచ్చే ప్రతి వరం ఆమె మూలధనంలోంచి పోయేదే. అందుకే నాలుగుచెవులమ్మ మహా పిసినారి. కానీ గుట్టు చెప్పినవాడు చనిపోతే? ఆ మాట ఆమె ఒక్కదాని దగ్గరే మిగులుతుంది. అప్పుడు ఇంకొకరికి చెప్పినా నాలుగు చెవులే, ఆమెకు నష్టం లేదు. పోయినవాళ్ల గుట్లు చవక, బతికున్నవాళ్లవి ప్రియం. పద్దులు రాసేవాడికి ఇంతకంటే ఆనందం ఏముంటుంది? ఒకడి గుట్టు చవగ్గా దొరకాలని వాడినే చంపించే ప్రతినాయకుడు ఈ లెక్కలోంచే పుట్టాడు. వాడి కోసం నేను విడిగా కష్టపడలేదు.

గుట్టు వేరు, విద్య వేరు. కలిపేస్తే రెండూ పలచబడతాయి. గుట్టు చెబితే చెడుతుంది, విద్య చెప్పకపోతే చస్తుంది. మా లోకంలో ఒక కమ్మరి తుప్పు పట్టని కత్తికి లోహాలు ఎలా కలపాలో శిష్యులకు చెప్పకుండా అమ్మకు మాత్రమే చెప్పి పోయాడు. ఇప్పుడు ఆ విద్య ఆమె దగ్గరే ఉంది. దాన్ని అడిగి తెచ్చుకున్న అమ్మాయి పదిమందికి నేర్పిన రోజున ఆమె దాన్ని మరిచిపోతుంది. అమ్మ అందుకు బాధపడుతుందా, బరువు దిగిందని ఊపిరి పీల్చుకుంటుందా అన్నది అక్కడి పండితుల మధ్య తేలని తగవు. తేల్చాల్సిన పని నాకూ లేదు.

పాత దేవతలనుంచి నేర్చుకోండి, కానీ వాళ్ల నగలు ఎత్తుకురావద్దు. చూడాల్సింది వాళ్ల బేరాలను. ఈజిప్టు గాథలో ఐసిస్ దేవత ముసలి సూర్యదేవుడు రా నోటినుంచి జారిన లాలాజలాన్ని మట్టిలో కలిపి పాము చేస్తుంది. అది కాటేస్తే, రహస్యనామం చెప్పేదాకా విషం దించదు. ఉత్తర ఐరోపాలోని స్కాండినేవియా గాథల్లో ఓడిన్ దేవుడు జ్ఞానాన్నిచ్చే మీమిర్ బావి నీటి కోసం కన్ను ఇచ్చేస్తాడు. రెండుచోట్లా జ్ఞానానికి ధర ఉంది. నా దేవత దగ్గర ధర గుట్టుకు గుట్టు. ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇస్తేనే ఒకటి అడగాలి. నోట్లో నువ్వుగింజ నానని వాగుడుకాయలు ఆమె గుమ్మంలో దివాలా తీసినవాళ్లు. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగలదు.

రోమన్లకు అంజెరోనా అనే దేవత ఉండేది. విగ్రహానికి నోరు కట్టి ముద్ర వేసి ఉండేదట. పండుగ డిసెంబరు 21న. నోరు కట్టేసిన దేవత అన్న ఊహ నాకు ముసుగు కంటే వందరెట్లు నచ్చింది, అయినా తీసుకోలేదు. నా అమ్మ మాట్లాడాలి మరి. హార్పొక్రటీజ్ సంగతి ఇంకా తమాషా. ఈజిప్టువాళ్లు బాల హోరస్‌ను నోటి దగ్గర వేలు పెట్టుకున్నట్టు చెక్కేవారు. అక్కడ అది పసితనానికి గుర్తు. గ్రీకులూ రోమన్లూ దాన్ని 'ఉష్, మాట్లాడకు' అని చదువుకుని ఆ పిల్లవాడిని హార్పొక్రటీజ్ పేరుతో మౌనానికి దేవుణ్ని చేసేశారు. మీ లోకంలోనూ ఒక గుర్తును తర్వాతి తరం తప్పుగా చదవనివ్వండి. దేవతకు వయసు వచ్చినట్టు ఉంటుంది.

ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్ నా లెక్కకు ఎదురు నిలిచే ఉదాహరణ. అక్కడ పంటల దేవత డిమీటర్‌కు జరిగిన రహస్య పూజల్లో వేలమంది దీక్ష తీసుకున్నారు, గర్భాలయంలో ఏం చూపేవారో ఇప్పటికీ పూర్తిగా బయటపడలేదు. క్రీ.పూ. 415లో ఏథెన్స్ సేనాని ఆల్కిబియడీస్ ఆ పూజలను వెక్కిరించాడన్న ఆరోపణ వస్తే, విచారణకు రాకుండా పారిపోయిన అతనికి మరణశిక్ష వేశారు. వేల చెవులున్నా నిలిచిన గుట్టు అది. అందువల్ల మా లోకంలో చతుష్కర్ణిని ఒప్పుకోని ఒక నగరం పెట్టాను. అందరికీ తెలిసి ఎవరూ నోరెత్తని మాట మీద ఆ నగరం నడుస్తుంది. అమ్మ అక్కడ పూర్తిగా గుడ్డిది.

గుడి విషయంలో ఒక కిటుకు చెబుతాను. మన జాతీయాలను నిజం చేసేయండి. గోడలకు చెవులుంటాయి కదా? అయితే ఆమె గర్భగుడికి గోడలే ఉండకూడదు. చెట్టూ పొదా లేని బయలులో ఒక అరుగు, దాని మీద విగ్రహం, పైన నాలుగు స్తంభాల మీద కప్పు, అంతే. ఎవరు పొంచి ఉన్నా కనబడతారు. పూజారి నూరు అడుగుల అవతల నిలబడి, లోపలికి రెండో మనిషి వెళ్లకుండా చూడటమే అతని పూజ. దీక్షకు నువ్వుగింజనే వాడాను. సూర్యోదయాన నాలుక కింద పెట్టుకున్న గింజను మర్నాటి సూర్యోదయాన పూజారి అరచేతిలో తీసి చూపాలి. పూజారులకు నాలుకలు కోసే తతంగం మొదటి ప్రతిలో ఉండేది, అవతల పారేశాను. భయం కలుగుతుంది గానీ నువ్వుగింజంత గుర్తుండదు.

ధర్మం పెట్టాక దాన్ని చిలిపి ప్రశ్నలతో పొడవండి. ఈ పని ఆదివారాల్లో స్నేహితుల చేత చేయిస్తాను. యుద్ధంలో ఒక చెవి పోయిన సైనికుడు ఇంకొకరికి సగం చెప్పవచ్చా? చిలుక చెవులు లెక్కలోకి వస్తాయా? నిద్రలో కలవరించేవాడి గుట్టు వాడి భార్య విన్నట్టా, కాదా? అన్నిటికంటే గట్టి దెబ్బ ఒక గర్భిణి రూపంలో వచ్చింది. కడుపులో బిడ్డ వింటుందా? ప్రహ్లాదుడూ అభిమన్యుడూ కడుపులోనే విన్నారని చెప్పుకుంటూ పెరిగిన వాళ్లం, వినదని ఎలా అంటాం? నాకు జవాబు తోచలేదు. అందుకే ఆ తగవు మీద గుడిని రెండు శాఖలుగా చీల్చేశాను. ఒక శాఖ గర్భిణులను అరుగు ఎక్కనివ్వదు. రెండోది, పుట్టగానే బిడ్డ అంతా మరిచిపోతుంది కాబట్టి పరవాలేదంటుంది. జవాబు దొరకని ప్రశ్న చేతికి వస్తే సంతోషించండి, మతం అక్కడే పుడుతుంది.

సన్నివేశం రాసేటప్పుడు మాత్రం ధర్మాలన్నీ మరిచిపోయి చెవి దగ్గరికి వెళ్లండి. నా మూడో ప్రతిలో ఒక ముసలి మంత్రసాని అరుగు ఎక్కుతుంది. పూజారి ఆమె బుట్ట వెతికి, పంజరంలోని చిలుకను తన దగ్గర ఉంచుకుంటాడు. ఆమె చేతులు పసుపు పట్టి ఉంటాయి. విగ్రహం కుడి చెవి వేల పెదవుల తడికి అరిగి, నదిలో రాయిలా నున్నబడి ఉంటుంది. ఎడమ చెవి మీద ఉలి గాట్లు ఇంకా పదునుగానే ఉంటాయి, అడగడానికి వచ్చేవాళ్లు ఆ చెవిలో అడగాలి గనక. ఆమె కుడి చెవి దగ్గరికి వంగి, చెయ్యి అడ్డం పెట్టి, పెదవులు మూడుసార్లు కదుపుతుంది. రాయి మీద ఊపిరి తడి మచ్చ కట్టి, ఎండకు మెల్లగా ఆరిపోతుంది. ఆమె దిగివచ్చి పంజరం తీసుకుని వెళ్లిపోతుంది.

ఏం చెప్పిందో రాయలేదు. పాఠకుడికీ రెండు చెవులున్నాయి కదా, అతను వింటే అమ్మ మరిచిపోవాలి. కానీ మీకు మాత్రం అది తెలిసి ఉండాలి, లేకపోతే నా ముసుగు కథే మళ్లీ మొదలవుతుంది. ఒక పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: గుట్టు ఎవరిది, ఎప్పుడు చెప్పారు, వాళ్లు బతికున్నారా, ఇంకెవరికి తెలిసింది. ఏ అధ్యాయం రాసినా ముగించేముందు ఆ గళ్లు సరిచూసుకోండి. ఒకసారి నేను చూసుకోలేదు. అప్పటికే ఊరంతా పాకిన మాటను అమ్మ చేత పలికించేశాను, మొదట పట్టుకున్నది ఆ స్నేహితురాలే. మంత్రసాని వరుసలో మొదటి గడి నింపి ఉంది. ఆ పేజీని పిన్నుతో మూసేసి ఉంచాను. ఆ స్నేహితురాలు ఇంటికి వచ్చినప్పుడల్లా పుస్తకం తిరగేసి, ఆ పిన్ను దగ్గర ఆగి, నా మొహం చూస్తుంది.