పిల్లల రీడింగ్ రిపోర్టు అర్థం కావాలంటే ముందు ఇంట్లో ఇలా చదివించి చూడండి

రిపోర్టు చేతికి రాగానే చాలామంది పక్కింటి పిల్లకి ఎంతొచ్చిందో కనుక్కుంటారు. మీ పాప ఎలా చదువుతుందో దానివల్ల తెలియదు. పది నిమిషాలు పక్కన కూర్చుని వింటే తెలుస్తుంది.

పాప ఇంతవరకూ చూడని 100 పదాల పేరా, దాని జిరాక్సు, పెన్సిలు ఉంటే చాలు. ఎర్ర పెన్ను మాత్రం వద్దు, చూడగానే పిల్లలకు టెన్షన్. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి.

పాప చదువుతుంటే మీ కాపీలో సరైన పదానికి టిక్కు పెట్టండి. వదిలేస్తే గీత గీయండి. తప్పు చదివితే తను ఏమందో అదే పదం మీద రాయండి. న్యూజిలాండ్‌కు చెందిన విద్యా పరిశోధకురాలు మేరీ క్లే రూపొందించిన రన్నింగ్ రికార్డు పద్ధతికి ఇది ఇంటి రూపం.

అందరూ పాడుచేసేది పాప తడబడినప్పుడు. "పాలం..." అని ఆగగానే "పొలం! కనిపించట్లేదా?" అని మీదపడతారు. దయచేసి నోరు మూసుకుని మనసులో ఐదు లెక్కపెట్టండి. "పాలం... కాదు, పొలం" అని తనే దిద్దుకుంటే అది తప్పు కిందకి రాదు. తను చదివేది తనే వింటోందన్నమాట. కొన్ని రిపోర్టుల్లో 'లెర్నింగ్ స్కిల్స్' అని విడిగా గ్రేడు ఇచ్చేది ఇలాంటి అలవాట్లకే. మీరు అందిస్తే అది బయటపడే అవకాశమే ఉండదు. ఐదు దాటినా రాకపోతే పదం చెప్పేసి, దాన్ని ఒక తప్పుగా లెక్కేసుకుని, ముందుకు పోనివ్వండి. పాఠం చెప్పకండి, ముఖం కూడా చిట్లించకండి. పిల్లలు అక్షరాల కన్నా మీ ముఖాన్నే ముందు చదువుతారు.

తప్పులన్నీ ఒకటి కావు. 'పాలు'ను 'వాలు' అంటే ప, వ కలిసిపోతున్నాయి. 'గుర్రం'ను 'గాడిద' అంటే మొదటి అక్షరం చూసి ఊహిస్తోంది. లెక్కలో రెండూ ఒక్కో తప్పే, మందు మాత్రం వేరు. అందుకే ఉత్త మార్కు చూసి మురిసేవాళ్లను చూస్తే నాకు విసుగు.

100లోంచి తప్పులు తీసేయండి. 95 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ పుస్తకం ఒంటరిగా చదువుకోవచ్చు. 90 నుంచి 94 అయితే పక్కన ఒకరుండాలి. అంతకన్నా తక్కువైతే ప్రస్తుతానికి ఆ పుస్తకం బరువు. ఇది పుస్తకానికి వేసిన కొలత, పాపకు వేసిన మార్కు కాదు.

తర్వాత పుస్తకం మూసి "ఏం జరిగింది?" అని, ఒక్క "ఎందుకు?" అని అడగండి. గడగడా చదివి ఏమీ చెప్పలేని పిల్లలు బోలెడంతమంది. వేగం లెక్క స్కూలు చూసుకుంటుంది, ఇంట్లో స్టాప్‌వాచ్ ఎందుకు?

రిపోర్టులో 60వ పర్సంటైల్ అని ఉంటే 60 మార్కులని కంగారుపడకండి. పోల్చిన పిల్లల్లో వందకు సుమారు 60 మంది కన్నా ముందుందని అర్థం.

టీచర్‌ను "మా పాప ఎలా చదువుతోంది?" అని అడిగితే "బాగానే చదువుతోందండీ" అంటారు. ఈ కాగితం ముందుపెట్టి "ఒత్తుల దగ్గర ఆగిపోతోంది, క్లాసులోనూ అంతేనా?" అని అడగండి.